నాన్నగారి ఫియట్‌ను ఉంచుకోవాలా, వదులుకోవాలా?

పద్మారావునగర్ అబ్బాయి:

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా మా ఇంట్లో నలుగుతూ ఎటూ తేలని విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవమని మనవి.

మా నాన్నగారికి 82 ఏళ్లు. రైల్వేలో పనిచేసి 2004లో రిటైరయ్యారు. 1991లో ప్రావిడెంట్ ఫండ్ మీద అప్పు తీసుకుని కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఇప్పటికీ పద్మారావునగర్‌లోని మా పాత ఇంటి షెడ్డులోనే ఉంది. పేరు మారి అప్పటికే చాలా ఏళ్లయినా దానిని మా వీధిలో పద్మిని అన్నవాళ్లు లేరు. అందరికీ అది ‘సారు ఫియట్’. సికింద్రాబాద్ స్టేషన్ పక్కన ఉన్న గణేశుడి గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినప్పుడు నాకు పన్నెండేళ్లు. అక్క పెళ్లి, తమ్ముడి ఎంసెట్ పరీక్ష, ఏడాదికోసారి శ్రీశైలం, అన్నీ దానిలోనే జరిగాయి. మన్ననూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగిపోతే, నాన్నగారు బానెట్ ఎత్తి తడిగుడ్డ కప్పేవారు; అమ్మ మంచినీళ్ల సీసాలోంచి ఆ గుడ్డ మీద కొద్దికొద్దిగా నీళ్లు పోసేది. పది నిమిషాలకు బండి మళ్లీ కదిలేది. అమ్మ పోయి మూడేళ్లయింది.

డ్యాష్‌బోర్డు అరలో సన్నగా పొడుగ్గా ఉండే లెక్కల పుస్తకం ఒకటి ఉంటుంది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, మీటరు రీడింగు, లీటర్లు, లీటరు ధర, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందీ నాన్నగారు నీలి సిరాతో అందులో రాస్తారు. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో పుస్తకం.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమిటంటే, ఇంటిని డెవలప్‌మెంటుకు ఇచ్చాం. జూన్‌లో ఖాళీ చేయాలి. కట్టడం పూర్తయ్యేవరకు, అంటే బిల్డరు లెక్కలో రెండేళ్లు, మామూలు లెక్కలో ఎంతో మీకు తెలుసు, నాన్నగారు నిజాంపేటలోని మా ఫ్లాటులో ఉంటారు. మాకున్నది ఒకటే పార్కింగు, అందులో మా కారు ఉంటుంది. కొత్త అపార్టుమెంటులో మా వాటాకు రెండు ఫ్లాట్లు, ఫ్లాటుకొక పార్కింగు వస్తాయి కానీ ఒకటి అద్దెకు ఇవ్వవలసిందే.

దీనికి తోడు, మార్చి నెలలో నాన్నగారు చిలకలగూడ చౌరస్తా దగ్గర ఒక ఆటోను వెనక నుంచి తగిలించారు. ఎవరికీ దెబ్బలు తగలలేదు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, ఇస్త్రీ బండి అతను చెబితే నాకు తెలిసింది.

ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం) గడువు ఈ ఆగస్టుతో అయిపోతుంది. సినిమా షూటింగులకు పాత బండ్లు అద్దెకు ఇచ్చే ఒకాయన వచ్చి చూసి 70 వేలు ఇస్తానన్నాడు. పాత ఇనుము వ్యాపారి 28 వేలకు మించనన్నాడు. విజయవాడలో ఉన్న అక్క ‘అమ్మ కూర్చున్న సీటును అమ్ముతారా’ అని ఏడ్చింది. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు ‘ఉంచండి, ఎంత ఖర్చయినా నేను పంపుతాను’ అంటున్నాడు. నా భార్య మాత్రం ‘డబ్బు పంపడం వేరు, ప్రతి ఆదివారం నిజాంపేట నుంచి వచ్చి ఆ బండిని స్టార్టు చేయడం వేరు, ఆ రెండో పని ఎవరిది?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇటువంటి పరిస్థితి మీలో ఎవరికైనా ఎదురైతే ఏం చేశారో చెప్పగలరు.

సెల్లారు బాధితుడు:

అయ్యా, మీ భార్యగారు అడిగిన ప్రశ్నను మా ఇంట్లో అప్పట్లో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మా మామగారి అంబాసిడర్ ఇవాళ ఎవరి ఇంట్లోనో తిరుగుతూ ఉండేది.

మామగారు 2016లో కాలం చేశారు. బండిని అమ్మడానికి మా బావమరుదులు ఇద్దరూ ఒప్పుకోలేదు, ఉంచుకోవడానికి ఇద్దరికీ చోటు లేదు. రామంతాపూర్‌లో మా అపార్టుమెంటు సెల్లారులో ఒక మూల ఖాళీగా ఉందని, అల్లుడిని గనుక నోరెత్తలేననీ, తెచ్చి అక్కడ పెట్టారు. మొదటి ఆరు నెలలు నెలకోసారి స్టార్టు చేశాను. తరువాత బ్యాటరీ పోయింది. బ్యాటరీ కొనేలోపు ఎలుకలు వైరింగు కొరికాయి. వైరింగు చేయించేలోపు నాలుగు టైర్లూ గాలి దిగి, ఒకే చోట బరువు ఆని, బల్లపరుపుగా తయారయ్యాయి. అసోసియేషన్ వాళ్లు మొదట మాటగా చెప్పారు, తరువాత నోటీసు బోర్డులో మా ఫ్లాటు నంబరు రాశారు. పిల్లలు దాని దుమ్ము మీద వేలితో బొమ్మలు గీసేవారు.

2020 అక్టోబరు 13న కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి సెల్లారు మొత్తం మునిగింది. మూడు రోజుల తరువాత మోటార్లు పెట్టి నీళ్లు తోడితే స్టీరింగు దాకా బురద పట్టిన బండి బయటపడింది. లారీలో వేసి పంపించాం. వచ్చిన సొమ్ము సెల్లారు శుభ్రం చేయించడంలో మా వాటాకు కూడా చాలలేదు.

నాకు బాధ కలిగించింది డబ్బు కాదు. మామగారు చనిపోయిన నెలలోనే ఆయన డ్రైవరు దానిని ఎనభై వేలకు అడిగాడు. అతను దానిని పదిహేనేళ్లు నడిపిన మనిషి. ‘సెంటిమెంటు’ అని చెప్పి అతనికి కాదన్నాం. ఎవరూ పట్టించుకోని చోట నాలుగేళ్లు కుళ్లబెట్టడానికి మేము పెట్టుకున్న పేరు అది.

ఫారం 30:

కాగితాల విషయం నేను చెబుతాను, ఎందుకంటే ఇటువంటి చర్చల్లో సగం భయాలు ఢిల్లీ వార్తలు చూసి పుడతాయి. పెట్రోలు బండ్లకు పదిహేనేళ్లు, డీజిలు బండ్లకు పదేళ్లు అన్న పరిమితి ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతానికి సంబంధించినది. హైదరాబాదులో సొంత వాడకపు బండికి వయసు ఒక్కటే కారణంగా నిషేధం లేదు. పదిహేనేళ్ల తరువాత అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. మీది 1991 నాటి బండి కనుక 2006, 2011, 2016, 2021లలో ఆ పని జరిగే ఉంటుంది, అంటే మీ నాన్నగారు ఇప్పటికి నాలుగుసార్లు ఈ పరీక్ష నెగ్గారన్నమాట. అంత క్రమంగా చేయించినవారు చాలా తక్కువమంది ఉంటారు.

గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. ఫారం 25 (పునరుద్ధరణ దరఖాస్తు), ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి, గ్రీన్ టాక్స్ కట్టాలి, స్లాటు బుక్ చేసుకుని బండిని స్వయంగా తీసుకువెళ్లి చూపించాలి. హారను, లైట్లు, బ్రేకులు పనిచేయకపోతే వెనక్కి పంపుతారు. రుసుము మాత్రం మునుపటిలా లేదు. ఒకప్పుడు 600 రూపాయలు ఉన్నది 2022 ఏప్రిల్ నుంచి కార్లకు 5,000 అయింది; 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దానిని 10,000 చేశారు. గడువు దాటిన తరువాత వెళితే నెలకు 500 అదనం. రాష్ట్రం విడిపోయినా పాత ఏపీ నంబరు అలాగే చెల్లుతుంది, దానిని మార్పించాలని ఏజెంట్లు చెబితే నమ్మకండి.

షెడ్డులో కదలకుండా ఉన్నంతవరకు ఆర్సీ లేకపోవడం నేరం కాదు, రోడ్డెక్కితేనే నేరం. ఇన్సూరెన్సు లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000 జరిమానా. కానీ అసలు భయపడవలసినది జరిమానాకు కాదు, మొన్నటి ఆటోలో ఎవరికైనా కాలు విరిగి ఉంటే వచ్చే క్లెయిముకు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి చేసే బీమా అయినా తప్పక ఉండాలి.

‘వింటేజ్’ అని ఎవరైనా ఆశపెడితే వినకండి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండాలి, అంటే మీ బండికి 2041లో. అప్పుడు కూడా 20,000 రుసుము కట్టి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు తీసుకోవాలి, ఆ నంబరు మీద ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీగా తిరగనివ్వరు.

ఇక అమ్మదలచుకుంటే ఒక్క మాట గట్టిగా చెబుతాను. బండిని కొన్నవారి పేరుకు మార్చే ఫారం 29, 30 మీద నాన్నగారి సంతకాలు తీసుకుని, తేదీ వేయకుండా కాగితాలు ఇచ్చేసే పద్ధతి మన ఊళ్లో ఉంది కదా, ఆ పని చేయవద్దు. రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా ప్రమాదం జరిగితే నోటీసు 82 ఏళ్ల మీ నాన్నగారి పేరు మీదే వస్తుంది. పేరు మారిన ఆర్సీని కళ్లతో చూసేవరకు వదలకండి. తుక్కు కింద ఇవ్వాలనుకుంటే 28 వేలు ఇస్తానన్న వ్యాపారికి కాకుండా ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, బండిని తుక్కుకు అప్పగించినట్టు రాసిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. ఆ సర్టిఫికెట్‌తో కొత్త సొంత కారు కొంటే పన్నులో గరిష్ఠంగా 25 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి కేంద్రం రాష్ట్రాలకు వీలు కల్పించింది.

ఉంచుకోదలిస్తే, చెప్పడానికి మనసు ఒప్పకపోయినా చెప్పక తప్పదు, ఆయన ఉండగానే పేరు మీకు మార్పించుకోవడమో, ఆర్సీలో నామినీని రాయించడమో చేయండి. తరువాత అయితే వారసుడి పేరుకు మార్చే ఫారం 31, వారసుల ధ్రువపత్రం, డల్లాస్ నుంచి మీ తమ్ముడి అంగీకార పత్రం, ఇలా ఒక ఏడాది పట్టే పని అది.

చేతక్ మనవరాలు:

సెల్లారు బాధితుడుగారి అనుభవం చదివి మనసు కలుక్కుమంది. అయినా ఆయన చెప్పిన దానిలోంచే వేరే అర్థం తీస్తున్నాను. ఆ అంబాసిడర్ చెడిపోయింది పాతది కావడం వల్ల కాదు, దిక్కులేక.

మా తాతయ్యది 1987 నాటి బజాజ్ చేతక్. ఏళ్ల తరబడి వరుసలో ఎదురుచూస్తే వచ్చిన బండి అని ఆయన ఇప్పటికీ తారీకుతో సహా చెబుతారు. (మీ బండికీ మా బండికీ పేర్లు మేవాడ్ నుంచే వచ్చాయి. ఒకటి చిత్తోడు రాణిది, ఒకటి రాణా ప్రతాప్ గుర్రానిది. మన తాతలు ఎంత రాజసంగా పెట్రోలు పోయించుకున్నారో చూడండి.) నాలుగేళ్లుగా దానిని నేనే నడుపుతున్నాను. స్కూటరు గనుక బాల్కనీ కింద పట్టింది, కారు బాధ నాకు లేదు, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

నడిపేవాళ్లు ఒకరు దొరికితే మిగిలినవన్నీ చేయదగిన పనులే. మీ బండి తయారీ ఆగిపోయి పాతికేళ్లయింది. ముంబైలో నలుపు పసుపు ట్యాక్సీలుగా తిరిగినంత కాలం దాని సామానుకు గిరాకీ ఉండేది, 2023 అక్టోబరుతో అక్కడ ఆఖరి ట్యాక్సీ కూడా ఆగిపోయింది. అందువల్ల ఇప్పుడు దొరికిన సామాను ఇప్పుడే కొని పెట్టుకోవాలి: వీల్ సిలిండర్ కిట్లు, బ్రేక్ లైనర్లు, పాయింట్లు, కండెన్సరు, కార్బురేటర్ కిట్టు, పెట్రోలు పంపు డయాఫ్రం. రాణీగంజ్‌లో ముందు అడగండి, లేదంటే పుత్లీబౌలిలో పాత దుకాణాలు తిరగండి. ఫోనులో అడిగితే లేదనే చెబుతారు. పాత ముక్కను చేతిలో పట్టుకుని వెళ్లి గల్లా ముందు పెడితే ముసలాయన లేచి అటక ఎక్కుతాడు. నా చేతక్ క్లచ్ ప్లేట్లు అలాగే దొరికాయి, డబ్బా మీద ధర 46 రూపాయలని ఉంది, ఆయన నా దగ్గర 400 తీసుకున్నాడు, నేను మారుమాట్లాడలేదు.

రెండో విషయం పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. 1991 నాటి రబ్బరు పైపులు, వాషర్లు దాని కోసం చేసినవి కావు, మెల్లగా ఉబ్బి పగుళ్లు ఇస్తాయి. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కదలకుండా ఉన్న బండిలో ట్యాంకు లోపల తుప్పు పట్టేది అందుకే. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్పించండి. రెండు నెలలకు మించి నిలపవలసి వస్తే ట్యాంకూ కార్బురేటరూ ఖాళీ చేసి, బ్యాటరీ తీగ విప్పి, జాకీల మీద ఎత్తి పెట్టండి. హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచకండి, డ్రమ్ముకు అతుక్కుపోతుంది. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది, నూలు గుడ్డ మంచిది.

‘ఆదివారం స్టార్టు చేసి ఆపేయడం’ అన్నారు కదా, ఆ పని చేయకపోవడమే మేలు. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపితే సైలెన్సరులో నీరు చేరి తినేస్తుంది. పదిహేను రోజులకోసారి అయినా సరే, అరగంట రోడ్డు మీద నడవాలి.

చౌమహల్లా పక్కింటి:

చౌమహల్లా ప్యాలెస్‌లో అద్దాల వెనక ఉన్న పసుపు రోల్స్ రాయిస్ చూశారా? 1912 నాటిది. చేయించమన్న ఆరో నిజాం అది వచ్చేలోపే కన్నుమూశారు, ఆ తరువాత అది పెద్దగా తిరిగిందీ లేదు. అంత సంస్థానం ఉంటే ఏ బండినైనా ఉంచుకోవచ్చు. నిజాంపేటలో ఒక్క పార్కింగు ఉన్నవారు 70 వేలు తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. నాలుగు ఫోటోలు తీయించి పెట్టుకోండి, లెక్కల పుస్తకాలు దాచుకోండి.

మల్కాజిగిరి కోడలు:

అందరూ బండి గురించి బాగా చెప్పారు. నేను రెండు విషయాలు అడగదలచుకున్నాను, కటువుగా అనిపిస్తే మన్నించండి.

మొదటిది: మీ పోస్టులో అక్కగారి మాట ఉంది, తమ్ముడి మాట ఉంది, మీ శ్రీమతి మాట ఉంది, షూటింగు ఆయన ధర, ఇనుము వ్యాపారి ధర కూడా ఉన్నాయి. నాన్నగారు ఏమన్నారో ఎక్కడా లేదు. ఆర్సీ ఆయన పేరు మీదే ఉంది కదా.

రెండోది: బండి ఉంచడం, ఆయన నడపడం రెండూ ఒకటే విషయం అన్నట్టు మీ ఇంట్లో మాట్లాడుకుంటున్నారేమోనని నాకు అనుమానం. మా ఇంట్లో అదే పొరపాటు జరిగింది. మా మామగారి మారుతి 800ను మేము అమ్మించినది దానికి చోటు లేక కాదు, ఆయన నడపకూడదని. ఆ మాట ఆయనతో చెప్పే ధైర్యం లేక ‘స్పేర్ పార్టులు దొరకడం లేదు’ అని, ‘పొల్యూషన్ రూల్సు మారాయి’ అని తలొక అబద్ధం చెప్పాం. ఆయన ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి, ఆయనకు అర్థం కాకుండా ఉంటుందా? బండి వెళ్లిపోయిన రోజు ఏమీ అనలేదు. కానీ ఆ తరువాత కూరగాయలకు, గుడికి, బ్యాంకుకు ఎక్కడికి తీసుకువెళతామన్నా ‘మీకెందుకు శ్రమ’ అని మానుకున్నారు. ఏడాదిలో గేటు దాటడం ఆగిపోయింది. కళ్లు సరిగా కనిపించడం లేదు మామయ్యా, ఇకమీదట నేను నడుపుతాను, మీరు పక్క సీట్లో కూర్చోండి అని ఆ ఒక్క మాట నేనే చెప్పి ఉండవలసింది. నాకు డ్రైవింగు నేర్పింది కూడా ఆయనే.

లైసెన్సు సంగతి కూడా చూడండి. 55 దాటినవారికి అయిదేళ్లకోసారి, డాక్టరు సర్టిఫికెట్‌తో పునరుద్ధరించాలి. మీ నాన్నగారి లైసెన్సు ఎప్పటి వరకు ఉందో మీకు తెలుసా?

పద్మారావునగర్ అబ్బాయి:

అందరికీ కృతజ్ఞతలు. మల్కాజిగిరి కోడలుగారూ, మీ ప్రశ్న చదివి ఆ రాత్రి నిద్రపట్టలేదు. నిజమే, నాన్నగారిని మేము అడగలేదు. ఆయనకు తెలియకుండా నిర్ణయం తీసుకుని, ఆయనకు నొప్పి కలగకుండా చెప్పడం ఎలాగన్నదే ఇంతకాలం మేము ముగ్గురం మాట్లాడుకున్నది. లైసెన్సు గడువు కూడా నాకు తెలియదు. ఆదివారం వెళుతున్నాను.

పద్మారావునగర్ అబ్బాయి:

ఆదివారం జరిగింది రాస్తున్నాను.

నేను వెళ్లేసరికి నాన్నగారు షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు ఆర్సీ గురించి అడిగాను. ‘ఆగస్టు వరకు ఉంది, లైసెన్సు మాత్రం జనవరిలోనే అయిపోయింది’ అన్నారు. మరి మార్చిలో చిలకలగూడకు ఎలా వెళ్లారని అడిగితే ఏమీ అనకుండా అర తెరిచి లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టారు. ఆఖరి పేజీలో, పెట్రోలు లెక్కల కిందే, అదే నీలి సిరాతో ఇలా ఉంది: తేదీ, మీటరు రీడింగు, ‘ఆటో బంపరు, 1,500 ఇచ్చాను. బ్రేకు బాగానే ఉంది. కాలు ఆలస్యం.’ దాని కింద గీత కొట్టి ఉంది. ఆ తరువాత పెట్రోలు పోయించలేదు.

అంటే మేము ఎలా చెప్పాలా అని రెండు నెలలు మథనపడిన సంగతిని ఆయన ఆ రోజు సాయంత్రమే రాసేసుకున్నారు.

తరువాత మాట్లాడటం తేలికైంది. షూటింగు ఆయనకు ఇవ్వడం ఆయనకు ఎంతమాత్రం ఇష్టం లేదు. సీనులో గుద్దడానికి కొంటారని, లేదంటే ట్యాక్సీ రంగు వేస్తారని ఆయన నమ్మకం. ఇనుముకు ఇవ్వడం కంటే ఎవరైనా నడిపేవాడికి ఊరికే ఇచ్చినా సంతోషమే అన్నారు. ఆ నడిపేవాడిని నేనే ఎందుకు కాకూడదని అడిగితే నవ్వి, ‘నీకు దీని గేర్లు రావు’ అన్నారు. నిజమే. ఈ బండికి గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. ఇరవై ఏళ్ల క్రితం రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను. గాలి పట్టించి, ఎదురింటివారి బ్యాటరీతో స్టార్టు చేసి, ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివర వరకు వెళ్లి వచ్చాను. రెండో గేరుకు బదులు రివర్సు పడిన ప్రతిసారీ ఆయన చెయ్యి తన మోకాలి మీదే గేరు మార్చడం చూశాను.

ప్రస్తుతానికి కుదిరిన ఒప్పందం ఇది. ఎదురింటి డాక్టరుగారి పోర్టికో ఖాళీగా ఉంది, నెలకు 1,500 ఇస్తే పెట్టుకోనిస్తారు. ఈ మాట కూడా నాన్నగారు మూడు వారాల క్రితమే అడిగి ఉంచారని అప్పుడు తెలిసింది. పేరు నాకు మార్పిస్తున్నాం. పదిహేను రోజులకోసారి నేను వచ్చి నడపాలి, ఆయన పక్కన ఉంటారు, లెక్కల పుస్తకం ఆయనే రాస్తారు. ఆగస్టులో ఆర్టీఏ పరీక్షకు బండిని నేనే నడుపుకుని వెళ్లాలి. అప్పటికి ఈ క్రమం తప్పిందని పుస్తకంలో కనిపిస్తే, 10,000 కట్టకుండా, నడిపే మనిషిని వెతికి ఇచ్చేయాలి. ఈ షరతు ఆయన పెట్టిందే. నా భార్య దానిని రెండుసార్లు చదివించుకుని ఒప్పుకుంది. తమ్ముడు డబ్బు పంపాడు, అక్క సీటు కవర్లు మార్చవద్దని చెప్పింది.

చేతక్ మనవరాలుగారికి ఒక విన్నపం. వెనక ఎడమ చక్రం వీల్ సిలిండరు కారుతోంది. శనివారం దానిని ఊడదీసి రాణీగంజ్ వెళదామనుకుంటున్నాను. మీరు చెప్పిన అటక ఉన్న దుకాణం ఏ గల్లీలో ఉందో చెప్పగలరా? నాన్నగారు కూడా వస్తానంటున్నారు, మెట్లు ఎక్కువ లేకపోతే.

చేతక్ మనవరాలు:

మెట్లు రెండే. బ్యాంకు ఉన్న మలుపు దాటి ఎడమవైపు రెండో గల్లీలో, గొడుగులు బాగుచేసే అతని పక్కన. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర వరకు ముసలాయన నమాజుకూ భోజనానికీ వెళతాడు, అంతకుముందే వెళ్లండి. ఎడమ సిలిండరు ఒక్కటే అడగకండి, జత అడగండి. ఒకటి కారితే రెండోది వర్షాకాలం దాటదు.